కొరియాదేశమున ఆంగ్లోపాధ్యాయులుగా నుండగోరువారు సిద్ధపఱచుకొనవలసిన పత్రములు

విద్య నేర్పుటకై ఒక దేశమువారు మఱొక దేశమునకు వెళ్లుట నూతనవిషయము కాదు. కొరియాదేశమునకు ఆంగ్లభాషను నేర్పవచ్చిన పరదేశీయుల చరిత్ర నూటనలువది సంవత్సరముల నాటిది. 1883 వ సంవత్సరమున ఆ దేశప్రభుత్వమువారు దుబాసీలను తయారుచేయుటకై సియోల్ నగరమున ఒక ఆంగ్లపాఠశాలను తెఱచిరి. 1885 లో అప్పెన్‌జెల్లరుగారు బేజే బాలుర పాఠశాలను, 1886 లో మేరీ స్క్రాంటన్ అమ్మగారు ఈహ్వా బాలికాపాఠశాలను స్థాపించిరి. ఆ 1886 లోనే ప్రభుత్వమువారి ఆహ్వానముమీద హల్బర్టు, గిల్మోరు, బంకరు అను ముగ్గురు అమెరికనులు వచ్చి, ఉన్నతకుటుంబముల బాలురకొఱకు ఏర్పడిన రాజకీయపాఠశాలలో బోధించిరి. ఈనాడు అట్టి బోధకులు వేలకొలదిగా అచ్చటికి వెళ్లుచున్నారు. అయితే ఇప్పుడు వెళ్లువారు ఓడయెక్కి రేవులో దిగినంతమాత్రమున బడిలో ప్రవేశింపజాలరు. ఒక్కొక్కరును ఒక పత్రములకట్టను వెంటబెట్టుకొని, దానిని రెండు ప్రభుత్వముల అధికారులచేత పరీక్షింపజేసికొని, పిమ్మటనే తరగతిలో కాలుపెట్టవలెను. ఆ పత్రములేవి, ఒక్కొక్కదానిని ఏల అడుగుదురు, వానిని ఏ వరుసను సంపాదింపవలెను అను సంగతులను వివరించుటయే ఈ వ్యాసము యొక్క యుద్దేశ్యము.

మొదట దక్షిణకొరియావారికి ఆంగ్లముపై నింత యాసక్తి యేల యని చదువరులు అడుగవచ్చును. 1997 మొదలుకొని అచ్చటి ప్రాథమికపాఠశాలలలో మూడవ తరగతినుండి ఆంగ్లము నిర్బంధముగా నేర్పబడుచున్నది. విశ్వవిద్యాలయప్రవేశమునకై ప్రతి సంవత్సరము నవంబరు నెలలో జరుగు మహాపరీక్షలో ఆంగ్లమును విని యర్థముచేసికొను భాగమొకటి కలదు. ఆ భాగము జరుగు అరగంటకు పైబడిన కాలమున విద్యార్థుల చెవులకు ఆటంకము కలుగకుండుటకై దేశమంతటను విమానములు దిగుటయు లేచుటయు ఆపివేయబడును. బాలుని భవిష్యత్తు ఆ పరీక్షపై నింతగా ఆధారపడియున్నచోట, ఆంగ్లము మాతృభాషగా గలవారినోట ఆ భాషను వినవలెనని తలిదండ్రులు కోరుట వింతకాదు.

ఈ బోధకులకు ఉద్యోగములు రెండువిధములు. ప్రభుత్వపాఠశాలలలో నియమించుటకై 1995 లో విద్యాశాఖవారి యాధ్వర్యమున ‘ఇపిక్’ అను పథకము ప్రారంభింపబడినది. ఇది సంవత్సరమునకు రెండుమారులు, అనగా ఫిబ్రవరి చివరను ఆగష్టు చివరను, బోధకులను చేర్చుకొనును. రెండవవిధము ‘హగ్వన్’ అనబడు ప్రైవేటు విద్యాలయములు. ఇవి మన పట్టణములలోని ట్యూషను కేంద్రములవంటివి. బడి విడిచిన పిమ్మట బాలురు సాయంకాలమున వీనికి పోవుదురు. హగ్వన్‌లు సంవత్సరము పొడుగునను బోధకులను చేర్చుకొనును. ఉద్యోగమేదైనను, దానికై దేశమున ప్రవేశించుటకు వలయు అనుమతి ఒక్కటే. అది ‘ఇ-2’ అను తరగతికి చెందిన వీసా. దాని యర్థము సంభాషణబోధకుల వీసా యని. విహారార్థము వచ్చినవారి అనుమతిపై దిగి పాఠములు చెప్పుట ఆ దేశపు చట్టమునకు విరుద్ధము. అట్లు చేసి పట్టుబడినవారు జరిమానా చెల్లించి దేశము వెడలవలసివచ్చును.

ఈ వీసాకు అర్హులెవరు? సాధారణనియమము ప్రకారము అమెరికా సంయుక్తరాష్ట్రములు, బ్రిటను, కెనడా, ఐర్లండు, ఆస్ట్రేలియా, న్యూజీలండు, దక్షిణాఫ్రికా అను ఏడుదేశముల పౌరులు మాత్రమే. వారు విశ్వవిద్యాలయపట్టము పొందినవారై యుండవలెను. ఇపిక్ పథకమునకు మఱొక నిబంధనయు కలదు: ఏడవ తరగతినుండి పట్టము వఱకు ఈ దేశములలోనే చదివియుండవలెను. దక్షిణాఫ్రికావారును, ఫ్రెంచిభాష ప్రబలముగా గల కెనడాలోని క్విబెక్కు రాష్ట్రమువారును తాము ఆంగ్లమాధ్యమముననే చదివితిమని పాఠశాలలనుండి లేఖలు తెచ్చి చూపవలసియుండును.

మన దేశమువారి విషయ మెట్లు? భారత, కొరియా ప్రభుత్వములు 2009 ఆగష్టు 7 వ తేదీన ఒక ఆర్థికసహకారపు ఒడంబడికపై సంతకము చేసినవి. అది 2010 జనవరి 1 వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. ఆ ఒడంబడికవలన, విశ్వవిద్యాలయపట్టమును, ఆంగ్లము బోధించుటకు ఉపాధ్యాయయోగ్యతాపత్రమును గల భారతీయులకు కొరియా పాఠశాలలలో సహాయాంగ్లోపాధ్యాయులుగా పనిచేయుటకు త్రోవ యేర్పడినది. ఇచ్చట రెండు సంగతులు గుర్తింపవలెను. పట్టమొక్కటియే చాలదు, ఉపాధ్యాయశిక్షణ పొందిన పత్రమును ఉండవలెను. రెండవది, త్రోవ యుండుట వేఱు, ఉద్యోగముండుట వేఱు. నియమించుటకు సిద్ధముగా నున్న పాఠశాల దొరకినప్పుడే ఆ త్రోవ యుపయోగపడును. కావున ధనము వ్యయము చేయకమునుపే ఈ సంగతిని నిశ్చయపఱచుకొనవలెను. అమెరికా, ఆస్ట్రేలియా మొదలగు దేశములలో పుట్టి పెరిగి, ఆ దేశముల పౌరసత్వము పొందిన తెలుగుబిడ్డలు ఆ దేశములవారికి గల నియమము ప్రకారమే దరఖాస్తు చేసికొందురు. చట్టము చూచునది పాస్పోర్టును, చదువును.

ఇక పత్రముల వివరమునకు వత్తము. ముఖ్యమైనవి ఇవి: చెల్లుబడిలోనున్న పాస్పోర్టు, వీసాదరఖాస్తు, తెల్లని వెనుకభాగముగల ఛాయాచిత్రములు, అపోస్టిల్ ముద్ర పొందిన పట్టము, అపోస్టిల్ ముద్ర పొందిన నేరచరిత్రపత్రము, స్వహస్తముతో వ్రాసి యిచ్చు ఆరోగ్యప్రకటన, పాఠశాలతో చేసికొనిన ఒప్పందము. ఇపిక్ పథకమువారు వీనితోపాటు విశ్వవిద్యాలయమువారు సీలువేసి యిచ్చిన మార్కులపట్టికలను, ఇద్దరు పెద్దలు వ్రాసిన సిఫారసు లేఖలను, ఆంగ్లబోధనయందు నూఱుగంటల శిక్షణ పొందినట్టి పత్రమును అడుగుదురు. విద్యాశాస్త్రమున పట్టము గాని ఉపాధ్యాయయోగ్యతాపత్రము గాని గలవారికి ఈ కడపటి శిక్షణ అక్కఱలేదు.

ఇన్ని పత్రములేల యని విసుగుకొనువారు 2007 వ సంవత్సరమున జరిగినదానిని తెలిసికొనవలెను. ఆ వేసవిలో సియోల్ నగరములోని ఒక విశ్వవిద్యాలయమున ఆచార్యపదవియందున్న యొకరు అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయమున తాము డాక్టరు పట్టము పొందితిమని చెప్పుకొనినది అసత్యమని బయలుపడి, దేశమంతటను గొప్ప కలవరము పుట్టెను. పట్టములను పరీక్షింపవలెనను పట్టుదల ప్రజలలో బలపడెను. ఆ అక్టోబరు నెలలో, బాలురయెడల ఘోరాపరాధములు చేసినవాడని పలుదేశముల పోలీసులు వెదకుచున్న యొక కెనడాదేశస్థుడు థాయిలాండునందు పట్టుబడెను. అతడు అంతకు కొలదిదినముల క్రిందటివఱకు కొరియాలో పిల్లలకు ఆంగ్లము చెప్పుచున్న ఉపాధ్యాయుడు. తమ బిడ్డలను అట్టివానిచేతికి అప్పగించితిమని తెలిసిన తలిదండ్రుల మనస్సు ఎట్లుండునో ఊహింపవచ్చును. ఆ డిసెంబరునుండియే క్రొత్తనియమములు వచ్చినవి. నేరచరిత్రపత్రమును, వైద్యపరీక్షయు ఇ-2 బోధకులకు విధిగా నియమింపబడినవి. అందుచేత ఈ పత్రములను అధికారుల యాటంకములుగా మాత్రమే తలపగూడదు. తరగతిలో కూర్చుండు బాలుని రక్షణయే వీని మూలము. మన పిల్లలను బడికి పంపునప్పుడు మనమును గురువునుండి కోరునది అదియే గదా!

అయితే అట్లు పుట్టిన నియమములన్నియు న్యాయమైనవే యనుటకు వీలులేదు. పరదేశీయ బోధకులకు మాత్రము ఏటేట ఎయిడ్సు రోగమునకు సంబంధించిన రక్తపరీక్షయు, మత్తుమందుల పరీక్షయు విధింపబడుచుండెను. అదే పని చేయు స్వదేశీయులకు ఆ నిబంధన లేదు. 2009 లో న్యూజీలండు దేశస్థురాలగు ఒక ఉపాధ్యాయిని మఱల పరీక్షకు లోబడుటకు నిరాకరించి, ఉద్యోగమును కోల్పోయి, ఐక్యరాజ్యసమితికి మొఱపెట్టుకొనెను. జాతివివక్షను తొలగించుటకై యేర్పడిన సమితివారు 2015 లో ఆమె పక్షమున అభిప్రాయమును ప్రకటించిరి. 2017 లో కొరియా న్యాయశాఖవారు ఎయిడ్సు పరీక్షను ఇ-2 బోధకుల విషయమున రద్దుచేసిరి. బాలుర రక్షణకు అవసరమైన నియమమునకును, పరదేశీయుడన్న యనుమానముచే పుట్టిన నియమమునకును భేదము కలదని ఇందువలన తెలియుచున్నది.

పైన రెండుమూడుమారులు అపోస్టిల్ అను మాట వచ్చినది. ఇదియే ఈ కట్టయంతటికిని తాళపుచెవి వంటిది గనుక కొంచెము విపులముగా చెప్పవలెను. హైదరాబాదునగాని టెక్సాసునగాని ఒక రిజిష్ట్రారు వ్రాలుచేసిన పట్టము సియోల్‌లోని గుమాస్తా చేతికి వచ్చినదనుకొనుడు. ఆ వ్రాలు నిజమైనదో కాదో అతడెట్లెఱుగును? పూర్వము దీనికొఱకు ఒక అధికారి వ్రాలును మఱొక అధికారి, అతనిని పైయధికారి, కడకు ఆ దేశపు రాయబారి ధ్రువపఱుచుచు పోవలసియుండెను. ఈ శ్రమను తగ్గించుటకై 1961 అక్టోబరు 5 వ తేదీన హేగు నగరమున ఒక అంతర్జాతీయపు ఒడంబడిక జరిగెను. ఒడంబడికలో చేరిన దేశములలో ఒక దేశపు నియమితాధికారి అతికించిన చీటిని తక్కిన దేశములన్నియు అంగీకరించును. ఆ చీటికే అపోస్టిల్ అని పేరు. అది ప్రక్కల తొమ్మిది సెంటీమీటర్లకు తగ్గని చతురస్రము. అందు వరుసగా పది అంశములుండును: దేశము, వ్రాలుచేసినవారి పేరు, వారి హోదా, ముద్ర, ధ్రువపఱచిన స్థలము, తేదీ, ధ్రువపఱచిన అధికారి, సంఖ్య, ఆ యధికారి ముద్ర, వ్రాలు. శీర్షిక మాత్రము ఫ్రెంచిభాషలో నుండును.

ఒక సంగతిని మఱువరాదు. అపోస్టిల్ ధ్రువపఱచునది వ్రాలును ముద్రనుమాత్రమే. పత్రములో వ్రాయబడిన విషయము సత్యమని అది చెప్పదు. కల్లపట్టమునకు నోటరీముందు ప్రమాణముచేసి ముద్ర సంపాదించినను అది కల్లపట్టముగానే యుండును. విశ్వవిద్యాలయమునకు ఒక లేఖ వ్రాసినచో గుట్టు బయలగును.

భారతదేశమున ఈ ఒడంబడిక 2005 జూలై 14 వ తేదీన, దక్షిణకొరియాయందు సరిగా రెండేండ్ల పిమ్మట 2007 జూలై 14 వ తేదీన అమలులోనికి వచ్చినవి. ఏడుదేశములలో కెనడా చాలకాలము దీనిలో చేరలేదు. అందుచేత కెనడావారు కొరియా కాన్సలేటుకు పోయి ధ్రువపఱపించుకొనవలసియుండెను. 2024 జనవరి 11 వ తేదీనుండి ఆ దేశమునందును ఒడంబడిక అమలగుటచే ఆ శ్రమ తీఱినది. ఆ తేదీకి పూర్వము వ్రాయబడిన సలహాలను చదువువారు ఈ మార్పును గమనింపవలెను.

ఏ పత్రమునకు ఏ యధికారి అపోస్టిల్ ఇచ్చునో తెలియకపోవుటవలన అనేకులు నష్టపడుచున్నారు. అమెరికాను ఉదాహరణముగా తీసికొందము. పట్టము యొక్క నకలును నోటరీచేత ధ్రువపఱపించి, ఆ నోటరీ యే రాష్ట్రమునకు చెందినవాడో ఆ రాష్ట్రపు కార్యదర్శి కచేరీకి పంపవలెను. నేరచరిత్రపత్రమో, అది వేలిముద్రలపై ఆధారపడి ‘ఎఫ్.బి.ఐ.’ అను కేంద్రశాఖవారు ఇచ్చునది. కేంద్రశాఖవారి పత్రమునకు వాషింగ్టనులోని విదేశాంగశాఖవారి అపోస్టిల్ మాత్రమే చెల్లును. రాష్ట్రముద్ర వేయించి పంపినవారి పత్రము తిరస్కరింపబడి తిరిగివచ్చును. అట్లే ఒక రాష్ట్రపు పోలీసువారుగాని జిల్లావారుగాని ఇచ్చిన పత్రము చాలదు. దేశమంతటి దప్తరములను చూచి యిచ్చినదై యుండవలెను.

మన దేశమున మార్గము వేఱు. పట్టమును మొదట రాష్ట్రప్రభుత్వమువారి నియమితాధికారి పరిశీలించి ధ్రువపఱుచును. ఆ మీదట కేంద్రప్రభుత్వపు విదేశాంగశాఖవారు అపోస్టిల్ చీటిని అతికింతురు. విదేశాంగశాఖవారు పత్రములను నేరుగా ప్రజలచేతినుండి పుచ్చుకొనరు; తాము నియమించిన సంస్థలద్వారమున పుచ్చుకొందురు. నేరచరిత్రపత్రమును మన దేశమున పాస్పోర్టు కచేరీవారే, పోలీసువారి విచారణపిమ్మట ఇచ్చుచున్నారు. దానికిని విదేశాంగశాఖవారి అపోస్టిల్ కావలెను.

ఇక కాలనిర్ణయము. పత్రములన్నిటికిని ఆయుర్దాయము సమానముగా నుండదు. పట్టము ఎన్నటికిని పాతబడదు. నేరచరిత్రపత్రమో, వీసాకొఱకు దాఖలుచేయునాటికి ఆఱునెలలలోపల ఇయ్యబడినదై యుండవలెను. ఒక యుదాహరణము చెప్పుదును. మార్చినెలలో కొరియా బడులు తెఱవబడును. ఒకడు మిక్కిలి జాగరూకుడనుకొని జూలై మొదటితేదీననే నేరచరిత్రపత్రమును తెచ్చుకొనెను. డిసెంబరు చివరతో ఆఱునెలలు గడచినవి. అతని వీసాదరఖాస్తు జనవరిలో గాని దాఖలు కాలేదు. పత్రము చెల్లదు; అపోస్టిల్ ముద్రకు పెట్టిన ధనమును దానితోపాటే పోయినది. మఱొకడు నవంబరు చివరవఱకు ఊరకుండి అప్పుడు వేలిముద్రలు పంపెను. పత్రము వచ్చుటకు కొన్ని వారములు, అపోస్టిలునకు మఱికొన్ని వారములు పట్టి, తరగతులు ప్రారంభమగునాటికి అతడింకను ఇంటిలోనే యుండెను. తొందరపడినవాడును ఆలస్యము చేసినవాడును ఒకే నష్టమును పొందిరి. కావున యుక్తమైన వరుస యిది: పాస్పోర్టు, పట్టము, దాని అపోస్టిల్, మార్కులపట్టికలు, సిఫారసు లేఖలు ముందుగా సిద్ధపఱచుకొనవలెను, వీసా దాఖలుచేయు నెలను లెక్కించుకొని, దానికి మూడునాలుగు నెలల ముందు నేరచరిత్రపత్రమును కోరవలెను.

పత్రములను ఒప్పందముతోకూడ కొరియాకు పంపిన పిమ్మట, హగ్వన్ యజమాని వానిని తన ప్రాంతపు ప్రవేశశాఖ కచేరీలో దాఖలుచేసి, వీసా మంజూరుచేయవచ్చునను ఒక అనుమతిసంఖ్యను పొందును. ఆ సంఖ్యను బోధకునికి తెలుపగా అతడు తన దేశములోని కొరియా రాయబారికచేరీకిగాని కాన్సలేటునకుగాని దరఖాస్తు చేసికొనును. మన దేశమున రాయబారికచేరీ న్యూఢిల్లీలోను, కాన్సలేటులు ముంబయి, చెన్నై నగరములలోను కలవు. ప్రభుత్వపాఠశాలలకు పోవువారికి ప్రాంతీయ విద్యాకార్యాలయమువారు నియామకపత్రమును ఒప్పందమును పంపుదురు. వానితోనే కాన్సలేటునకు దరఖాస్తు చేసికొనవచ్చును. భారతీయులు దీర్ఘకాలము నివసించుటకై వీసా కోరునప్పుడు క్షయరోగము లేదని నియమితవైద్యశాల యిచ్చిన పత్రమును చూపవలెనను నిబంధన 2016 నుండి కలదు.

ఒప్పందము మీద వ్రాలుచేయుటకు మునుపు దానిని తిన్నగా చదువవలెను. జీతమెంత, వారమునకు బోధింపవలసిన గంటలెన్ని, బస యెవరిది, విమానపుటద్దె యెవరు పెట్టుకొందురు, సెలవులెన్ని, ఆరోగ్యభీమాయు పింఛనును ఎట్లు కట్టబడును అను సంగతులు స్పష్టముగా నుండవలెను. ఒక సంవత్సరము పూర్తిగా పనిచేసినవారికి కొరియా చట్టము ప్రకారము ముప్పదిదినముల సగటు జీతమునకు తగ్గని విరమణధనము రావలెను. పదునొకండు నెలలకు మాత్రమే ఒప్పందము వ్రాయుట యీ ధనమును తప్పించుకొనుటకు పన్నిన యుపాయము కావచ్చును.

కొరియాలో దిగినతో పని ముగిసినదని తలపరాదు. తొంబదిదినములలోపల ప్రవేశశాఖ కచేరీకి పోయి, వేలిముద్రలిచ్చి, పరదేశీయుల నమోదుకార్డు పొందవలెను. దానికొఱకు న్యాయశాఖవారు నియమించిన వైద్యశాలలో పరీక్ష చేయించుకొని ఆ ఫలితమును దాఖలుచేయవలెను. అందు క్షయరోగమునుగుఱించియు, గంజాయి, నల్లమందు, కొకెయిను మొదలగు మత్తుపదార్థములనుగుఱించియు పరీక్షింతురు. నివాసము మాఱినచో పదునైదుదినములలోపల తెలియజేయవలెను. ఈ వీసా ఒక పాఠశాల పేరుతో ముడివడియుండును. అనుమతిలేక మఱొకచోట బోధించుటయు, ఇండ్లకు పోయి ప్రైవేటు చెప్పుటయు నేరము. పాస్పోర్టును యజమాని తన పెట్టెలో భద్రపఱతునని అడిగినను ఇయ్యగూడదు. నకలు ఇచ్చిన చాలును.

ఇప్పుడు మన తెలుగువారికి ప్రత్యేకముగా సంబంధించిన ఒక చిక్కును చెప్పవలెను. కొరియాకు పోవువారికేగాక ఏ పరదేశమునకు పోవువారికైనను ఇది వచ్చును. మనలో ఇంటిపేరు ముందును, పెట్టినపేరు వెనుకను ఉండును. బడి రిజిష్టరులో ఇంటిపేరు ఒక్క యక్షరముగా వ్రాయబడును. కళాశాలలో అది పూర్తిగా విస్తరింపబడును. పాస్పోర్టులో ఇంటిపేరునకు ఒక గడి, సొంతపేరునకు మఱొక గడి కలవు. పెండ్లియైన స్త్రీలకు ఇంటిపేరు మాఱును. ‘లక్ష్మి’ యన్న పేరును ఆంగ్లాక్షరములలో ఒకచోట ఒకవిధముగను మఱొకచోట వేఱువిధముగను వ్రాయుదురు. మనకు ఇవన్నియు ఒకే మనుష్యుని పేర్లని తెలియును. వేయికోసుల దూరముననున్న గుమాస్తాకు అవి ఇద్దరు ముగ్గురు వేఱు మనుష్యుల పేర్లు. పట్టములోని పేరునకును పాస్పోర్టులోని పేరునకును భేదమున్నయెడల, ముద్రలన్నియు సరిగానున్నను దరఖాస్తు నిలిచిపోవును. అందుచేత మొదట చేయవలసిన పని పత్రములన్నిటిని బల్లపై పఱచి, పేరును పుట్టినతేదీని అక్షరమక్షరముగా పోల్చిచూచుట. భేదము కనబడినచో దానిని సంబంధించిన కచేరీవారిచేత చట్టప్రకారము సరిచేయించుకొనవలెను. తనచేతితో ఒక్క యక్షరమైనను దిద్దుకొనగూడదు. దిద్దిన పత్రము దొంగపత్రముతో సమానము.

తుదకు దళారులనుగుఱించి. తమచేతిలో విదేశోద్యోగములున్నవని చెప్పి, పొలము కుదువబెట్టించి లక్షలు పుచ్చుకొని, యువకులను విహారవీసాలపై పంపి విడిచిపెట్టువారు మన పట్టణములలో లేకపోలేదు. ఒక్క పరీక్షతో వారి మాటలోని నిజము తేలును: ఏ పాఠశాల, ఏ యూరు, ఒప్పందముపై వ్రాలుచేసినవారెవరు, వీసా యే తరగతిది అని అడుగుడు. ఉద్యోగమునకై పోవువానికి ఇ-2 కాక మఱొక వీసా ఇప్పింతుమని చెప్పినచో అచ్చటితో సంభాషణ ముగింపవలెను. నేరచరిత్రపత్రమును గాని పట్టమును గాని ‘తయారుచేయింతు’మని చెప్పువారి మాట యింతకన్నను ప్రమాదకరము. ఏలయన పట్టుబడినప్పుడు చెఱకు పోవువాడు దళారి కాడు, దరఖాస్తుపై వ్రాలుచేసినవాడు. ఋణము మాత్రము ఇంటిలోని తలిదండ్రులమీద నిలిచియుండును.

ఇది చదువు విద్యార్థులలో పరదేశములకు పోవువారు కొందఱే యుందురు. ఐనను ఈ విషయమున అందఱికిని సంబంధించిన పాఠమొకటి కలదు. ఇరువదియేండ్ల పిమ్మట పరాయిదేశపు గుమాస్తా చూడబోవు పత్రములకెల్ల మొదటిది నేడు మన పాఠశాల రిజిష్టరులో వ్రాయబడుచున్నది. బిడ్డను చేర్చునాడు తండ్రి చెప్పిన పేరును తేదీయే పదవతరగతి పత్రమునకును, దానినుండి పట్టమునకును, పాస్పోర్టునకును పోవును. కావున తలిదండ్రులారా, ఆ దినమున నిజమైన తేదీని, పూర్తియైన పేరును చెప్పుడు. వయస్సు రెండేండ్లు తగ్గించుటవలన కలుగు లాభముకన్న దానివలన వచ్చు చిక్కు పెద్దది. విద్యార్థులారా, మీ యాంగ్లాక్షరములను ఇప్పుడే యొకవిధముగా నిర్ణయించుకొని ఎల్లప్పుడును అట్లే వ్రాయుడు. మీ మార్కులపత్రములను, బదిలీపత్రములను నీరు తగులనిచోట భద్రపఱచుకొనుడు. ముద్రలును చీటులును ఇతరులు వేయగలరు. వాని క్రిందనుండు మాట సత్యమైనదిగా నుంచవలసినవారు మీరే.